మౌలాలి మాస్టారి ఉప్పు

రెండువేల రెండో సంవత్సరం దసరా సెలవులయ్యాక మా హైస్కూల్లో కేటరింగు క్లాసు మొదలైంది. మా ఊరు పెదపాడు దాటి కొల్లేటి వైపు పోయే రోడ్డు మీద ఉంటుంది. బడికి మూడు వైపులా చేపల చెరువులు, నాలుగో వైపు వరిచేలు. తొమ్మిదో తరగతిలో ఇష్టమైన పిల్లలకి ఏదో ఒక చేతిపని నేర్పమని పైనుంచి కాగితం వచ్చింది. కొన్ని బళ్ళవాళ్ళు కుట్టుపని తీసుకున్నారు, కొందరు కరెంటు పని. మా హెడ్‌మిస్ట్రెస్ శేషారత్నంగారు కేటరింగు అని రాశారు.

"తినడం అందరికీ కావాలి. నేర్చుకోడం మాత్రం ఆడపిల్లలకేనా మూర్తిగారూ? మగపిల్లల్ని కూడా చేర్చండి" అన్నారు నాతో. నేను ఆ బడిలో రికార్డు అసిస్టెంటుని. ఆ కాగితం ఏలూరు పట్టుకెళ్ళి ఇచ్చింది నేనే.

ఆరుగురు ఆడపిల్లలు, అయిదుగురు మగపిల్లలు పేర్లిచ్చారు. నేర్పే మనిషి మాత్రం దొరకలేదు. హోటలు చదువు చదివినవాళ్ళెవరూ మా ఊరి బస్సెక్కడానికి ఒప్పుకోలేదు. చదువు లేకపోయినా అనుభవం ఉంటే చాలని ఆఫీసువాళ్ళు అన్నాక, షేక్ మౌలాలిగారు వచ్చారు.

యాభై రెండేళ్ళ మనిషి. తెల్ల చొక్కా, కుడికాలు కొంచెం ఈడ్చి నడక. పాతికేళ్ళు ఏలూరులో పెళ్ళిళ్ళకి బిర్యానీ వండారు. ఆయన కింద పదిమంది పనిచేసేవారు. తాడేపల్లిగూడెంలో ఒక పెళ్ళిలో డేగిసా జారి మరిగే నీళ్ళు కాలి మీద పడ్డాయి. కాలు మానింది గాని గంటల తరబడి పొయ్యి దగ్గర నిలబడే బలం పోయింది. ఆయన దగ్గర పని నేర్చుకున్న మేనల్లుడు జమీర్ ఇప్పుడు ఆ పదిమందినీ నడుపుతున్నాడు. భార్య రహీమున్నీసాగారు పోయి రెండేళ్ళు. పిల్లలు లేరు. ఈ సంగతులన్నీ ఆయన ఒక్కసారిగా చెప్పలేదు. సాయంత్రం బస్సు కోసం బడి గేటు దగ్గర నిలబడినప్పుడు, రోజుకింత చెప్పారు.

పాత సైన్సు లాబు ఆయనకిచ్చారు. అందులో నీళ్ళ తొట్టి ఉంది, గాజు గొట్టాలు పెట్టే అరలున్నాయి. రెండు కిరోసిన్ స్టౌలు, నాలుగు గిన్నెలు, ఒక బాణలి కొన్నాం. శేషారత్నంగారు తన పాత కర్టెన్లు కత్తిరించి పదకొండు ఏప్రన్లు కుట్టించారు. అవి కట్టుకుని మగపిల్లలు వరండాలోకి వస్తే పదో తరగతి వాళ్ళు "గరిటెగాళ్ళొచ్చార్రోయ్!" అని కేకలు పెట్టేవారు. చేపల చెరువులున్న ఇంటి పిల్లవాడు హేమంత్‌కుమార్ ఊరుకునేవాడు కాదు. "రేపు మీ పెళ్ళిళ్ళకి మమ్మల్నే పిలవాలి, ఆకు వెయ్యకుండా పంపిస్తాం" అని తిప్పికొట్టేవాడు.

మౌలాలిగారిని తాడేపల్లిగూడెంలో మూడు రోజుల ట్రైనింగుకి పంపారు. వచ్చాక లెసన్ ప్లాను రాయించుకోడానికి నా బల్ల దగ్గరికొచ్చారు.

"ఇక్కడ లక్ష్యం అని ఉందండి. ఏం రాయాలండీ?"

"ఈ పాఠంతో పిల్లలకి ఏం రావాలో అది రాయండి."

"ఆకలి రావాలండి" అన్నారు. నేను నవ్వానని ఆయనా నవ్వారు గాని, ఆయన చెప్పింది నిజంగానే చెప్పారు.

మధ్యాహ్నం మేష్టర్లందరూ స్టాఫ్‌రూములో బల్ల చుట్టూ కూర్చుని కేరియర్లు విప్పుకునేవారు. శేషారత్నంగారు ఆయన్ని పిలిచి కుర్చీ వేయించారు. రెండు రోజులు వచ్చారు. మూడో రోజునుంచి లాబులోనే ఉండిపోయారు. "వండేవాడు అందరూ తిన్నాక తినాలండి. పాతికేళ్ళ అలవాటు. నలుగురి మధ్య కూర్చుంటే ముద్ద దిగట్లేదు" అని నాతో అన్నారు. పాతికేళ్ళూ అందరూ వెళ్ళిపోయాక ఆ పదిమందితో కలిసి తిన్న మనిషి. ఇప్పుడు అందరూ తిన్నాక మిగిలేది ఆయనొక్కరే. ఆ మాట ఆయన అనలేదు.

క్లాసు మాత్రం బాగా చెప్పేవారు. కత్తిపీట ముందు ఎలా కూర్చోవాలి, పోపులో ఏది ముందు ఏది వెనక, బియ్యం ఉడికిందని మెతుకు పట్టుకోకుండా ఎలా తెలుసుకోవాలి, అన్నీ చేసి చూపించేవారు. పిల్లల చేత అన్నీ చేయించేవారు. ఉప్పు ఒక్కటి తప్ప.

ఉప్పు డబ్బా లాబులో అన్నిటికన్నా పై అరలో ఉండేది. వంట దించే ముందు పిల్లలు "మాస్టారూ, ఉప్పండీ!" అని కేక వేసేవారు. ఆయన స్టూలెక్కి డబ్బా దించి, గిన్నె మూత తీసి చూసి, మూడు వేళ్ళతో ఉప్పు తీసి గిన్నె చుట్టూ విసిరేవారు. ఆ వేళ్ళు ఎప్పుడు విచ్చుకున్నాయో కనపడేది కాదు. పిల్లలకి అది చూడడం సరదా.

"మా పనిలో అంతేనండి" అని నాకు వివరించారు. "పదిమంది వండుతుంటాం. ఒకడు వేశాడని ఇంకొకడు వదిలేస్తే చప్పన. ఇద్దరూ వేస్తే విషం. అందుకని ఉప్పు మాస్టరు చెయ్యే వెయ్యాలి. ఇంకెవరూ ఆ డబ్బా ముట్టుకోకూడదు. కాలు కాలాక కూడా ఆరు నెలలు జమీర్ నన్ను ఆటోలో తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టేవాడండి. ఉప్పు వెయ్యడానికే. తరవాత పిలవడం మానేశాడు. వాడే వేసుకుంటున్నాడు."

ఆ సంవత్సరం కార్తీకమాసమూ రంజాను నెలా రెండు రోజుల తేడాతో మొదలయ్యాయి. నేను తెల్లవారకుండా కాలవలో స్నానం చేసి దీపం పెట్టుకుని బడికొచ్చేవాణ్ణి. ఆయన అంతకుముందే లేచి ఇంత తిని, ఆ తరవాత పొద్దుపోయేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టేవారు కాదు. వంట క్లాసులో నిలబడి, మసాలా వాసనల మధ్య, ఒక్క చుక్క నాలికకి తగలనివ్వకుండా నేర్పేవారు. మధ్యాహ్నం నమాజు వేళకి శేషారత్నంగారు లాబు వెనక వరండా ఊడిపించి ఉంచేవారు. సాయంత్రం బస్సు దారిలో ఉండగానే పొద్దుగూకేది. కండక్టరు నిత్యానందం వాచీ చూసుకుని, ఆయన సీటు దగ్గరికొచ్చి "టైమైందండి మాస్టారూ" అని చెప్పి పోయేవాడు. ఆయన అప్పుడు ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకుని నీళ్ళు తాగేవారు.

ఆ నెల ఆయన రుచి చూడరు. సోమవారాలు పిల్లల్లో చాలామందికి నక్షత్రం కనపడేదాకా ఉపవాసం, కాబట్టి వాళ్ళూ చూడరు. వండింది డబ్బాల్లో పెట్టుకుని ఇళ్ళకి పట్టుకుపోయేవారు. ఆయన చేతి ఉప్పు ఎప్పుడూ తప్పలేదు గనక ఎవరికీ ఏ ఇబ్బందీ తెలియలేదు.

అప్పుడు ఆఫీసునుంచి ఉత్తరం వచ్చింది. చేతిపని క్లాసులు చూసే ఆఫీసరు గంగాధరరావుగారు వచ్చే సోమవారం తనిఖీకి వస్తున్నారు. పిల్లలు తమంతట తాము పని చెయ్యగలిగితే క్లాసు వచ్చే ఏడాది ఉంటుంది. లేకపోతే స్టౌలూ గిన్నెలూ ఇంకో బడికి వెళ్ళిపోతాయి.

ఆ సాయంత్రం బస్సు ఆలస్యమైంది. చెరువుల గట్ల మీద కొంగలు వరసగా కూర్చున్నాయి. మౌలాలిగారు వాటినే చూస్తూ నిలబడ్డారు.

"ఏవండీ మూర్తిగారూ, ఈ క్లాసు పోతే నేనేం చెయ్యాలండీ?"

"ఎందుకు పోతుందండీ? మీరు బాగా చెప్తున్నారుగా."

"జీతం గురించి కాదండి. ఒక్క పొట్ట, ఎలాగో గడుస్తుంది. పొద్దున్న లేచాక మనిషికి వెళ్ళడానికి ఒక చోటుండాలి కదండీ. ఆదివారాలు నాకు మహా కష్టంగా ఉంటున్నాయి."

"దేవుడున్నాడు లెండి" అన్నాను. ఆయన తల ఊపారు. బస్సు వచ్చింది.

సోమవారం గంగాధరరావుగారు జీపులో వచ్చారు. మెత్తటి మాట, గట్టి మనిషి. పులిహోర, కొబ్బరి పచ్చడి చెయ్యమన్నారు. కార్తీక సోమవారమని ఉల్లిపాయ లేని వంటలే ఎంచారు. తనకి షుగరు, ఉపవాసాలు పనికిరావు, కాబట్టి తానే రుచి చూస్తానన్నారు. తరవాత మౌలాలిగారి వైపు తిరిగి, "మాస్టారూ, మీరు అలా నీళ్ళపంపు దగ్గర కూర్చోండి. పిల్లలు మిమ్మల్ని పిలవకూడదు, మీరు లోపలికి రాకూడదు" అన్నారు.

మౌలాలిగారు వెళ్ళి పంపు గట్టు మీద కూర్చున్నారు. నేను వరండాలోంచి రెండు వైపులా చూస్తున్నాను. లోపల పిల్లలు ఒక్క మాట పొల్లుపోకుండా చేస్తున్నారు. అన్నం పొడిపొడిగా ఆరబోశారు. చింతపండు పులుసు చిక్కగా ఉడికించారు. పోపు వాసన వరండా దాటి పదో తరగతి గదిలోకి పోయింది. పంపు దగ్గర ఆయన ముక్కు ఎగబీల్చి, పోపు మాడలేదని తెలుసుకుని, చిన్నగా తల ఊపారు.

గంగాధరరావుగారు ఆకులో పులిహోర పెట్టించుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆపారు. మళ్ళీ నమిలారు. మింగి, గ్లాసుడు నీళ్ళూ తాగేశారు. పచ్చడి వేలితో నాకి చూశారు.

"ఉప్పు ఎవరు వేశారమ్మా?"

పద్మప్రియ అనే పిల్ల ముందుకొచ్చింది. క్లాసులో అన్నిటికీ ముందుండే పిల్ల. "ఉప్పు మాస్టారే వేస్తారండి."

"మాస్టారు బయట ఉన్నారు కదమ్మా."

"ఆయ్. అందుకే వెయ్యలేదండి."

"మరి ఉప్పు లేకుండా ఎవరు తింటారనుకున్నారు?"

"ఆఖర్న మాస్టార్ని మీరే పిలుస్తారనుకున్నామండి" అని హేమంత్‌కుమార్ అందుకున్నాడు. "మేం ఆ డబ్బా ముట్టుకోకూడదండి."

గంగాధరరావుగారు కాసేపు పిల్లల్నీ, పై అరలో డబ్బానీ చూశారు. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. బయటికొచ్చి పంపు గట్టు మీద మౌలాలిగారి పక్కనే కూర్చున్నారు. లేవబోతే భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు.

"మాస్టారూ, పని చక్కగా నేర్పారు. పులుసు అలా కాచడం మా ఇంట్లో కూడా రాదు. కానీ వీళ్ళు పదకొండుమందీ రేపు ఎక్కడ వండినా ఉప్పు వెయ్యడానికి మీరు వెళ్తారా?"

మౌలాలిగారు లాబు తలుపు వైపు చూశారు.

"మూడు వారాల తరవాత మళ్ళీ వస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే నేను చేసేదేం లేదండి." ఆయన కాగితం మీద ఆ రోజు ఏమీ రాయలేదు. పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. అది ఆ మనిషి మంచితనం.

పిల్లలు లాబులో తలలు వంచుకుని నిలబడ్డారు. పద్మప్రియ ఏడుస్తోంది. మౌలాలిగారు లోపలికొచ్చి, స్టూలు ఎక్కబోయి, ఆ రోజు కాలు సహకరించక ఆగి, హేమంత్‌కుమార్ని డబ్బా దించమన్నారు. వాడు వెనకాడాడు.

"దించరా నాయనా. తప్పు మీది కాదు. నాదే."

డబ్బా బల్ల మీద పెట్టించారు. మూత తీశారు. "రేపటినుంచి ఎవరి గిన్నె వాళ్ళదే. ఎవరి ఉప్పు వాళ్ళే వెయ్యాలి. నేను వరండాలో ఉంటాను."

"ఎంత వెయ్యాలండీ?" అంది పద్మప్రియ.

ఆయన తన మూడు వేళ్ళూ చూసుకున్నారు. "ఎంతో నాకు చెప్పడం రాదమ్మా. నాకెవరూ చెప్పలేదు. పాడుచేసే నేర్చుకోవాలి."

పాడుచేశారు. మంగళవారం ఉప్మా కొందరిది చప్పన, కొందరిది నోట్లో పెట్టలేం. పిల్లలు నాలిక మీద వేసుకుని మొహాలు చిట్లించి ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు. కానీ ఎంత ఎక్కువైంది, ఎంత తక్కువైంది, ఎక్కడ పొరపాటయింది, ఆ తేడా చెప్పేది మాస్టారే. ఆయన పొద్దుగూకేదాకా రుచి చూడరాయె. అప్పుడు ఆయనే అడిగారు, "తలా ఒక డబ్బాలో ఇంత పెట్టి, పేరు రాసి ఇవ్వండమ్మా. పట్టుకెళ్ళి రేపు చెప్తాను" అని.

ఆ వారంలో ఒక రోజు నేను ఆఫీసు తపాలా ఇవ్వడానికి ఏలూరు వెళ్ళాను. పని అయ్యేసరికి పొద్దుగూకి చీకటి పడింది. ఆయన ఇల్లు దగ్గరే కదా, చూసి పోదామనిపించింది. రెండు గదుల ఇల్లు. ముందు గది శుభ్రంగా ఉంది, ఒక్క మనిషి వాడే శుభ్రం. గోడకి రెండు కుర్చీలు మడిచి ఆనించి ఉన్నాయి. నేల మీద చాప, చాప మీద పదకొండు స్టీలు డబ్బాలు మూతలు తీసి వరసగా ఉన్నాయి. ఆయన అప్పుడే నమాజు ముగించి కూర్చున్నారు.

"రండి రండి మూర్తిగారూ! మీరు మా ఇంటికి రావడమే!" అంటూ కంగారుగా లేచి, ఒక కుర్చీ విప్పబోయారు. నేను చాప మీదే కూర్చున్నాను.

ఆయన ఒక్కో డబ్బాలోంచి ఒక్కో ముద్ద తిన్నారు. తిని, కళ్ళు మూసుకుని, నీళ్ళు పుక్కిలించి, ఇంకోటి. పేర్లు చదవలేదు.

"ఇది పద్మప్రియ. భయపడి వేసింది, సగం వేసి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇది హేమంతు. ఎవడో ఏదో అన్నాడు, కోపంలో వేశాడు. ఇదిగో, ఈ పిల్ల రెండుసార్లు వేసింది. మొదట వేసిన సంగతి మరిచిపోయింది. మాటల్లో పడిపోతుంది, పాపం."

"ఉప్పులో ఇవన్నీ తెలుస్తాయా అండీ?"

"జమీర్ వేసింది కూడా తెలిసిందండి" అన్నారు. "నన్ను పిలవడం మానేశాక ఒక పెళ్ళికి వెళ్ళి తిన్నాను. సరిగ్గా ఉంది. నాకంటే ఒక్క పిసరు తక్కువ, అదే బాగుంది. ఆ పూట నాకు చాలా కోపమొచ్చింది. వాడి మీదో, నా మీదో తెలీలేదు. అందుకే ఈ పిల్లల దగ్గర ఆ డబ్బా అంత పైన పెట్టుకున్నానండి. కిందపెడితే నాకింకేం మిగులుతుందని."

ఆయన నాకో చిన్న పళ్ళెం ఇచ్చారు. ఉప్పు సరిపోయిన డబ్బా ఒక్కటుంది, అందులోది పెట్టారు. ఆ పళ్ళెం ఆయన భార్యదనుకుంటాను, అంచు మీద సన్నగా పేరు చెక్కి ఉంది. ఇద్దరం తిన్నాం. ఆయన మిగిలిన పదీ ఖాళీ చేశారు. చప్పనివీ తిన్నారు, ఉప్పనివీ తిన్నారు. "వదిలెయ్యండి మాస్టారూ, బీపీ వస్తుంది" అన్నాను. "పిల్లలు వండింది పారేస్తే ఎలాగండీ?" అన్నారు. నన్ను బస్సెక్కించడానికి బస్‌స్టాండు దాకా కాలు ఈడ్చుకుంటూ వచ్చారు. వద్దన్నా వినలేదు. బస్సు కదిలేదాకా నిలబడ్డారు.

మర్నాడు పొద్దున్న పదకొండుమందికీ పదకొండు మాటలు చెప్పారు. రోజూ అదే పని. నెల చివరికొచ్చేసరికి డబ్బాల్లో తేడాలు తగ్గాయి. కార్తీకం అయిపోయింది. రంజాను పండగ వెళ్ళిపోయింది. పండగనాడు పద్మప్రియ వాళ్ళమ్మ కొర్రమీను పులుసు డబ్బాలో పోసి పంపితే, నిత్యానందం అది ఒడిలో పెట్టుకుని, ఒలకకుండా ఏలూరు దాకా తీసుకెళ్ళి ఆయనకిచ్చాడు.

గంగాధరరావుగారు చెప్పిన రోజుకే వచ్చారు. ఈసారి ఏ వంటో చెప్పలేదు. "మీకు నచ్చింది చెయ్యండి" అన్నారు. పిల్లలు చేపల పులుసు అన్నారు. మౌలాలిగారు ఎవరూ చెప్పకుండానే వెళ్ళి పంపు గట్టు మీద కూర్చున్నారు. ఈసారి వాసన కూడా చూడలేదు. చెరువుల వైపు తిరిగి కూర్చున్నారు.

ఉప్పు పద్మప్రియ వేసింది. ఒక్కసారే వేసింది. చేతిలో మిగిలిన పలుకులు డబ్బాలోకి దులుపుకుంది. గంగాధరరావుగారు తిన్నారు. రెండో విడత పులుసు అడిగి పోయించుకున్నారు. బయటికొచ్చి మౌలాలిగారితో, "క్లాసు ఉంటుందండి మాస్టారూ. రాసేశాను" అన్నారు. "మీరేం చేశారో గాని."

"నేనేం చెయ్యలేదండి. ఇక్కడ కూర్చున్నాను" అన్నారు మౌలాలిగారు.

ఆ మధ్యాహ్నం లాబులో పండగే. పదకొండుమందీ, శేషారత్నంగారూ, పదో తరగతి నుంచి గరిటెగాళ్ళని వెక్కిరించినవాళ్ళు నలుగురూ కలిసి గిన్నె అడుగు కనపడేదాకా తిన్నారు. మాస్టారికి కూడా ఆకు వేశారు. ఆయన తిన్నారు, నలుగురి మధ్యే కూర్చుని. సాయంత్రం బస్సుకి ఖాళీ సంచీతో వెళ్ళారు.

మర్నాడు ఆయన వచ్చేసరికి కళ్ళ కింద నలుపు. బాగోలేదా అని అడిగాను.

"బాగానే ఉందండి. రాత్రి తినలేదు. గిన్నెలో అన్నం ఉంది, కూర ఉంది. చాప వేసుకుని కూర్చున్నాను. ఎందుకో తినబుద్ధి కాలేదండి." మళ్ళీ ఆయనే, "క్లాసు నిలబడింది కదా, సంతోషంగానే ఉన్నాను లెండి" అన్నారు.

ఆ రోజు బెండకాయ వేపుడు. పిల్లలు స్టౌ ఆర్పి పళ్ళాలు సర్దుకుంటుంటే ఆయన గొంతు సవరించుకున్నారు.

"అమ్మా పద్మప్రియా, ఇంకా కొన్నాళ్ళు డబ్బాలు ఇవ్వండమ్మా. ఇంటి దగ్గర తీరిగ్గా చూస్తే గాని నాకు ఉప్పు తెలియదు."

"రంజాన్ అయిపోయిందిగా మాస్టారూ," అన్నాడు హేమంత్‌కుమార్, "ఇక్కడే తిని చెప్..."

పద్మప్రియ వాడి కాలు తొక్కింది. వాడు "అబ్బా!" అని, ఆమె మొహం చూసి, మాస్టారి మొహం చూసి, నోరు మూసుకున్నాడు. తన ఏప్రన్ తోనే ఒక డబ్బా తుడిచి ముందుగా వాడే నింపాడు. నిండా నింపాడు.

"ఇదిగోండి మాస్టారూ. రేపు కచ్చితంగా చెప్పాలండీ. ఎక్కువైతే ఎక్కువైందనే చెప్పండి."

"చెప్తాను నాయనా" అన్నారు మౌలాలిగారు. మిగిలిన పిల్లలు వరసలో నిలబడ్డారు. ఆయన సంచీ నోరు రెండు చేతులతో తెరిచి పట్టుకున్నారు.